గోపాల్‌పూర్‌లో చూడ్డానికి ఏముంది అంటే...

పోయిన సంచికలో ఏదో మాటల మధ్యలో ఒడిశాలో మా బరంపురం పక్కనున్న సముద్రపు ఊరు గోపాల్‌పూర్ గురించి నాలుగు లైన్లు రాశాను, అంతే, ఇక చూస్కోండి ఉత్తరాలు, వాట్సాప్ మెసేజులు, ఒకాయనైతే ఏకంగా ఏడు నిమిషాల వాయిస్ నోటు పంపారు. సగం మంది అడిగింది ఒకటే, అక్కడ చూడ్డానికి ఏముంది అని. ఏమీ లేదండీ బాబూ. సముద్రం ఉంది, ఒక పాత లైట్‌హౌస్ ఉంది, కూలిపోయిన గోడలు కొన్ని ఉన్నాయి. నేను బరంపురంలో పుట్టి పెరిగినదాన్ని, మా ఇంటికి చుట్టాలెవరు దిగినా ఆటో ఎక్కించి తీసుకెళ్ళేది అక్కడికే, వాళ్ళూ దిగగానే ఇదే అడుగుతారు, చీకటి పడ్డాక పదండి పోదాం అంటే మాత్రం లేవరు. సరే, ఈసారి కాలమ్ మొత్తం సముద్రానికే ఇచ్చేస్తున్నా, పట్టుచీర మరకల గురించి అడిగినవాళ్ళు వచ్చే నెలదాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: అక్కా, మాది గుణుపూర్. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేరు, పైగా బొబ్బిలి మనిషి, ఒడియా ముక్క రాదు. దసరాకి నాలుగు రోజులు ఎటైనా వెళ్దామంటే మా ఆయన పూరీ అంటారు, పిల్లలు వైజాగ్ అంటారు, నాకేమో జనం లేనిచోట కాళ్ళు చాపుకుని కూర్చోవాలనుంది. బరంపురంలో హోటల్ తీసుకుని గోపాల్‌పూర్ చూసొస్తే సరిపోతుందా?

జవాబు: చెల్లీ, ముందు దసరా సంగతి తేల్చుకుందాం. మా తీరానికి అక్టోబరు అంటేనే కాస్త దడ. 2013లో ఫైలిన్ తుఫాను తీరం దాటింది ఈ గోపాల్‌పూర్ దగ్గరే, అక్టోబరు 12 రాత్రి. మరుసటేడు సరిగ్గా అదే తేదీకి హుద్‌హుద్ వైజాగ్ మీద పడింది. 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర దాటింది. ఫైలిన్‌కి మా డాబా మీది నీళ్ళ ట్యాంకు ఎగిరిపోయి పక్కవీధిలో ఎవరి పెరట్లోనో పడింది, అది మాదేనని వాళ్ళని నమ్మించి తెచ్చుకునేసరికి తాతలు దిగొచ్చారు. ప్రతి దసరాకీ తుఫాను వస్తుందని కాదు, కేన్సిల్ చేస్తే డబ్బు వెనక్కి రాని బుకింగ్ మాత్రం ఆ నెలలో చెయ్యకండి అని. వీలైతే సంక్రాంతి సెలవుల్లో పెట్టుకోండి. ఎండ మెత్తగా ఉంటుంది, పొద్దున్నే మీ అత్తగారికి శాలువా కూడా కావాలి. క్రిస్మస్ నుంచి జనవరి 1 దాకా, ఇంకా ఆదివారాలూ తప్పించండి, అప్పుడు మా బరంపురం జనమంతా వంటపాత్రలతో, పాటల బాక్సులతో వనభోజనాలకి అక్కడికే దిగుతారు, నేనూ వాళ్ళలో ఒకదాన్నే కాబట్టి ఎక్కువ తిట్టలేను.

ఇక బరంపురంలో హోటల్ మాట. ఊరికీ సముద్రానికీ 16 కిలోమీటర్లు, బస్సులున్నాయి, ఆటోలున్నాయి, అరగంటలో తేలిపోతుంది, అందుకే అందరూ మీలాగే అనుకుంటారు. కానీ అలా వెళ్ళినవాళ్ళు టిఫిన్లు అయ్యి, పిల్లల స్నానాలయ్యి, బీచ్‌లో దిగేసరికి పదకొండవుతుంది, ఇసక కాలుతుంటుంది, రెండు ఫొటోలు తీసుకుని కొబ్బరిబోండం తాగి "ఇంతేనా" అని వెనక్కొచ్చేస్తారు. ఆ సముద్రం బాగుండేది పొద్దున ఏడులోపు, మళ్ళీ రాత్రి భోజనాలయ్యాక. రెండింటికీ అక్కడే పడుకోవాలి. రాష్ట్ర టూరిజం వాళ్ళ పాంథనివాస్ ఉంది, చిన్న లాడ్జీలు చాలా ఉన్నాయి, డబ్బుకి చూసుకోనివాళ్ళకి 1914లో మాలియోనీ అనే ఇటలీ ఆయన పెట్టిన పామ్ బీచ్ హోటల్ ఉంది, ఇప్పుడు మేఫెయిర్ వాళ్ళది. గది తీసుకునే ముందు ఫోన్లో గట్టిగా అడగండి, కింద ఫ్లోర్ ఇస్తారా, బాత్‌రూంలో వెస్టర్న్ కమోడ్ ఉందా, సముద్రం మంచం మీంచి కనిపిస్తుందా లేక కిటికీలోంచి మెడ చాపితేనా. నవ్వకండి, ఒక లాడ్జీలో (పేరెందుకులే) సీ వ్యూ అని చెప్పి రోజుకి మూడొందలు ఎక్కువ తీసుకున్నారు, తలుపు తీస్తే పక్క బిల్డింగు నీళ్ళ ట్యాంకు, దానికీ గోడకీ మధ్య బెత్తెడు నీలం. అడిగితే "అదే కదా మేడమ్ సముద్రం" అన్నాడా కుర్రాడు. నిజమే మరి, అదే.

అత్తగారి భాష గురించి బెంగ అక్కర్లేదు. ఆ ఒడ్డున చేపలు పట్టేవాళ్ళని ఒడియావాళ్ళు నొలియాలు అంటారు, వాళ్ళ ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగే, మన సిక్కోలు యాసే. ఆవిడని పొద్దున ఆరింటికి లేపి ఒక ప్లాస్టిక్ కుర్చీ అడిగి తీసుకుని పడవలు ఆగేచోట కూర్చోపెట్టండి. నెలల తరబడి ఇంట్లో సీరియళ్ళు చూసి విసిగిన ముసలామెకి అంతకన్నా కాలక్షేపం ఉండదు. ఒడ్డుకి లాగే పెద్దవల ఉంటుంది చూడండి, దాని తాళ్ళు రెండు పట్టుకుని రెండువైపులా మనుషులు వరసగా వెనక్కి వంగి లాగుతుంటారు, ఆఖర్న ఉన్నవాడు తాడు చుట్టలు చుడుతూ ఉంటాడు, ఇటు వరసా అటు వరసా మెల్లమెల్లగా దగ్గరికొస్తాయి, వల సంచి ఒడ్డెక్కేసరికి కాకులు, కుక్కలు, బుట్టలు పట్టుకున్న ఆడవాళ్ళు అందరూ ఒక్కసారే. ఒక్కోసారి అంతసేపు లాగితే పడేది గంపెడు కవ్వళ్ళూ నాలుగు పీతలూ. బేరాలు మాత్రం లక్షల సరుక్కి ఆడినట్టు ఆడతారు. మా పెద్దమ్మ ఒకసారి అలాగే కూర్చుని ఉంటే ఒకామె వచ్చి "ఏటప్పా, ఏ ఊరు మీది" అంది, అంతే, ఆమె పుట్టిల్లు బారువ దగ్గర అని తేలింది, వరసలు కలిపేసుకున్నారు, మేము భోజనానికి పిలిస్తే మా పెద్దమ్మ రానంది.

మధ్యాహ్నం పడుకోండి. నిజంగా చెప్తున్నా, ప్రోగ్రామ్ ఏమీ పెట్టుకోకండి. సాయంత్రం మాత్రం మీ ఆయన్ని, పిల్లల్ని ఆ కూలిన గోడల దాకా నడిపించండి. తెల్లోళ్ళ కాలంలో అది పోర్టు, ఇక్కణ్ణుంచి స్టీమర్లు బర్మా వెళ్ళేవి. మన ముసలాళ్ళు "రంగం పోయాడు" అనేవాళ్ళు కదా, ఆ రంగం అంటే రంగూన్, గంజాం జిల్లాలో పంటలు పోయినప్పుడల్లా వేలమంది ఈ ఒడ్డునే ఓడెక్కి బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కూలికి పోయేవాళ్ళు. మా ముత్తాత తమ్ముడొకాయన అలా పోయి రెండు ఉత్తరాలు రాసి మూడోది రాయలేదట. రెండో ప్రపంచ యుద్ధంతో ఆ రాకపోకలు ఆగిపోయాయి, ఊరు నిద్రలోకి జారుకుంది. ఈ ప్రశాంతత అంటున్నామే, అది అలా వచ్చింది. పెద్ద పెద్ద దీపాలు దూరంగా కనిపిస్తే అది కొత్త పోర్టు, ఉత్తరంవైపు ఉంది, దాని గోల ఊళ్ళోకి రాదు. గోలబంధ దగ్గర సైన్యంవాళ్ళ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ కూడా ఉంది, ఎప్పుడైనా ధన్ ధన్ మని వినిపిస్తే అది ప్రాక్టీసు, అత్తగారికి ముందే చెప్పి ఉంచండి.

రావడానికి మీ ఊరి బండే ఉందిగా, గుణుపూర్ నుంచి పర్లాకిమిడి, నౌపడ మీదుగా పూరీ వైపు పోయేది, బరంపురంలో ఆగుతుంది. టైములు మాత్రం చూసుకోండి. పిల్లలకి చెప్పండి, నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా ఆ లైను 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిందని, అప్పుడది బుల్లి నేరో గేజి.

ప్రశ్న: మేడమ్, పలాస నుంచి రిటైర్డ్ టీచర్ని. మనవలు సముద్రంలో స్నానం అంటున్నారు, వాళ్ళకి పదేళ్ళు, పన్నెండేళ్ళు. గోపాల్‌పూర్‌లో దిగనివ్వొచ్చా? పెద్దగా లోతు కనిపించదు అంటున్నారు.

జవాబు: మాస్టారూ, మోకాళ్ళదాకా, అది కూడా మీరు చెయ్యి పట్టుకుని. ఈ ఒక్క విషయంలో నేను మొహమాటపడను. ఆ ఒడ్డు నిటారుగా ఉంటుంది, నాలుగడుగులు వేశాక ఐదో అడుగుకి నేల ఉండదు, అల వెనక్కి వెళ్ళేటప్పుడు కాళ్ళకింద ఇసక లాక్కుపోతుంది. ఇంకోటి, మీరు సైన్సు చెప్పారో లేదో తెలీదు గానీ పిల్లలకి ఇది మీరే విప్పి చెప్పండి, అలలతో ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోవాలి కదా, అవి ఎక్కడో ఒక సందు చూసుకుని ఒకే పాయగా జోరుగా లోపలికి పోతాయి. ఆ సందులో అలలు విరగవు. చూసేవాడికి అక్కడే నీళ్ళు నిమ్మళంగా ఉన్నట్టు అనిపిస్తుంది, కాస్త మట్టిరంగు తప్ప తేడా తెలీదు, ఈత రానివాళ్ళు సరిగ్గా అక్కడే దిగుతారు. పొరపాటున లాగేస్తే ఒడ్డువైపు ఎదురీదకూడదు, ఎంత బలవంతుడైనా అలిసిపోతాడు. ఒడ్డుకి పక్కగా, అడ్డంగా ఈదుకుంటూ ఆ పాయ దాటి బయటపడాలి, ఈత రాకపోతే తేలుతూ చెయ్యి ఊపాలి. లోపలికెళ్ళి కాపాడదామని గబుక్కున దూకినవాళ్ళూ చాలాసార్లు పోతుంటారు. అక్కడ నొలియా కుర్రాళ్ళు ఉంటారు, తోడుగా రమ్మంటే వస్తారు, వాళ్ళకి ఇచ్చే డబ్బు దగ్గర బేరం ఆడకండి. వాళ్ళు "ఈపూట దిగొద్దు బాబూ, లాగేస్తాది" అన్నారంటే పాంట్లు మడుచుకుని వెనక్కొచ్చేయడమే.

ప్రశ్న: ఇచ్ఛాపురం నుంచి. బరంపురం వాళ్ళంతా గోపాల్‌పూర్ గోపాల్‌పూర్ అని ఊదరగొడతారు. మా డొంకూరు బీచ్, మా పొలిమేర దాటగానే సోనాపూర్ దగ్గర బాహుదా నది కలిసే చోటు (అది ఒడిశా వైపే అనుకోండి), కిందకెళ్తే బారువ, ఇవి మీ కంటికి ఆనవా? లేక ఒడిశా అయితేనే గొప్పా?

జవాబు: అమ్మో, మంట గట్టిగానే ఉంది. ఒప్పుకుంటున్నా అన్నా, అందం మాటకొస్తే మీదే గెలుపు. బాహుదా కలిసే చోట నీళ్ళు రెండు రంగుల్లో ఉంటాయి, మధ్యలో ఇసక తిన్నె, దాని మీద పక్షులు తప్ప మనిషి ఉండడు. బారువలో కూడా లైట్‌హౌస్ ఉంది, మహేంద్రతనయ కలుస్తుంది, కొబ్బరితోటలు సముద్రం దాకా ఉంటాయి. నా బాధ ఒక్కటే, ఆడవాళ్ళు ముసలివాళ్ళతో వెళ్తే పూటంతా ఉండటానికి బాత్‌రూమ్ కావాలి, నీడ కావాలి, రాత్రికి పడక కావాలి. అందుకే వాటిని క్యారేజీ కట్టుకుని పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చే చోట్లుగా లెక్కేసుకున్నా. ఇక ఒడిశా ఆంధ్రా అంటారా, మా అమ్మమ్మ పుట్టేటప్పటికి మీదీ మాదీ ఒకటే గంజాం జిల్లా, మద్రాసు కింద. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు గీత పడింది, మీరటు మేమిటు. పెళ్ళిళ్ళు మాత్రం ఆ గీత దాటి ఇప్పటికీ అవుతూనే ఉన్నాయి, మా చిన్నకోడలు మీ ఊరి పిల్లే, ఈ ఉత్తరం తను రాయించలేదు కదా?

ప్రశ్న: అక్కా, పుట్టింది పర్లాకిమిడి, ఉద్యోగం బెంగళూరు. ఒక నెల గోపాల్‌పూర్‌లో గది తీసుకుని అక్కణ్ణుంచే ఆఫీసు పని చేసుకుంటే ఎలా ఉంటుంది?

జవాబు: మొదటి వారం స్వర్గం. పదో రోజుకి సాయంత్రం ఆరయ్యాక మాట్లాడే మనిషి కోసం వెతుక్కుంటావు. కరెంటు పోతే జనరేటరు వేస్తారా, వేస్తే వైఫై కూడా నడుస్తుందా అని ముందే అడుగు. ఉప్పుగాలికి ఇనప వస్తువు ఏదీ ఆగదు, లాప్‌టాప్ కిటికీ దగ్గర పెట్టకు. ముందు ఒక వారానికే రా తమ్ముడూ, మిగతాది తర్వాత చూద్దువు. పర్లాకిమిడిలో అమ్మావాళ్ళు ఉంటే శనాదివారాలు అక్కడికి పోవచ్చు, వాళ్ళకి చెప్పకుండా గోపాల్‌పూర్‌లో దిగావని తెలిస్తే మాత్రం నా పేరు చెప్పొద్దు.

ప్రశ్న: జయపురం నుంచి. మా అమ్మాయికి తాబేళ్ళు గుడ్లు పెట్టడం చూడాలనుంది. ఎప్పుడు రావాలి? తేదీ చెప్పగలరా?

జవాబు: తేదీ తాబేళ్ళనే అడగాలమ్మా. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వచ్చేది గోపాల్‌పూర్ ఊళ్ళోకి కాదు, కాస్త ఉత్తరాన ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి, గంజాం ఊరి దగ్గర. మామూలుగా ఫిబ్రవరి, మార్చి. అన్నీ కలిసి ఒక్కసారే రావడం మాత్రం వాటి ఇష్టం. 2023లో 6 లక్షలు దాటి వచ్చాయి, 2024లో అలా గుంపుగా రానే రాలేదు, 2025 ఫిబ్రవరిలో మళ్ళీ దాదాపు 7 లక్షలు. 2024లో మా ఆడపడుచు పిల్లలు బొకారో నుంచి టికెట్లు కొనుక్కుని వచ్చి నాలుగు రాత్రులు ఎదురుచూసి ఒక్క తాబేలు కూడా చూడకుండా పోయారు, ఇప్పటికీ నన్నే అంటారు.

వస్తే మాత్రం జన్మకి మర్చిపోరు. చీకట్లో ముందు ఏమీ కనపడదు, ఇసక చిమ్ముతున్న చప్పుడు వినిపిస్తుంది, సర్ సర్ మని. వెనక కాళ్ళతో గుంట తీస్తుంది, గరిటెతో తోడినట్టే, ఎంత పొందిగ్గా తీస్తుందో. వంద దాకా గుడ్లు పెట్టి ఇసక కప్పేసి, పైన తన ఒంటితో దబ్ దబ్ మని కొట్టి చదును చేసి, వెనక్కి తిరిగి చూడకుండా పోతుంది. ఒక నెలన్నర, కాస్త అటూ ఇటూగా పిల్లలు బయటికొస్తాయి, అవి ఎటు వెలుతురుంటే అటు పోతాయి, అసలైతే సముద్రం వైపు ఆకాశమే వెలుతురుగా ఉండాలి, మన వీధిలైట్లు, సెల్‌ఫోన్లు ఉంటే రోడ్డు మీదికొచ్చి చస్తాయి. అందుకే ఫారెస్టు వాళ్ళూ ఊరి కుర్రాళ్ళూ కాపలా ఉంటారు, వాళ్ళు ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగాలి, టార్చి వెయ్యకూడదు, ఫ్లాషు అసలే వద్దు. మీ అమ్మాయి చిన్నదైతే ఏప్రిల్‌లో పిల్లలు వచ్చే టైములో రండి, అదింకా ముద్దుగా ఉంటుంది. ఆ తాబేళ్ళ కోసమే నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ నది మొగ చుట్టూ సముద్రంలో వేట నిషేధం, ఏడు నెలలు, ఆ ఇళ్ళవాళ్ళకి గడవడం ఎంత కష్టమో కూడా అమ్మాయికి చెప్పండి.

ప్రశ్న: మీరు రాసింది చదివి చిలికా అని రంభ వెళ్ళాం, ఒక్క డాల్ఫిన్ కూడా కనపడలేదు, పడవవాడికి డబ్బులు దండగ. రాయగడ నుంచి.

జవాబు: తప్పు నాదే, చిలికా అని రాసి ఊరుకున్నాను, ఎటువైపో చెప్పలేదు. డాల్ఫిన్లు కావాలంటే సాతపడ వైపు వెళ్ళాలి, అది పూరీ జిల్లా, సరస్సు సముద్రంలో కలిసే వైపు. రంభ దానికి ఇవతలి కొస, ఇక్కడ కొండలు, చిన్న చిన్న దీవులు, చలికాలంలో పక్షులు. బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ అని ఒక దీవి ఉంది, ఖల్లికోట రాజావారు కట్టించిన గది శిథిలం ఇంకా నిలబడి ఉంటుంది, పొద్దున్నే పడవలో అక్కడికెళ్ళి ఫలహారం చేసేవారట, ఏం దర్జానో. ఈసారి పొద్దున ఆరింటికి పడవెక్కండి, ఎండ రాకముందు నీళ్ళు అద్దంలా ఉంటాయి, డాల్ఫిన్ల ఊసే రాదు. పడవ డబ్బులు నేనివ్వలేను గానీ బరంపురం వస్తే మా ఇంట్లో భోజనం బాకీ.

ప్రశ్న: అక్కా, మేం శాకాహారులం, చేపల ఊళ్ళో ఏం తింటాం? వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి? పార్వతీపురం.

జవాబు: తిండికి లోటేం లేదు, అన్నం, దాల్మా, కూర దొరుకుతాయి, దాల్మా అంటే పప్పులో కూరముక్కలన్నీ వేసి చేసేది, మన ముక్కలపులుసుకి పులుపు తీసేస్తే ఎలా ఉంటుందో అలా. సాయంత్రం దహిబరా ఆలూదమ్ తినండి, పెరుగు గారెల మీద కారం బంగాళాదుంప కూర, వినడానికి ఎలాగో ఉంటుంది, తిన్నాక మాట్లాడండి. తినేవాళ్ళు పక్కన ఉంటే వాళ్ళకి ఒక మాట, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు వేటకి పోవు, అప్పుడు వెళ్ళి పెద్ద చందువ ఏదీ అని హోటలు వాడితో గొడవ పెట్టుకోకండి.

తెచ్చుకోవడానికి బరంపురంలో అప్పడాలు, పచ్చళ్ళు, చేతిలో డబ్బుంటే పట్టుచీర. కానీ నన్నడిగితే వానాకాలంలో రండి, ఆ తీరంపట్టున మొగలిపొదలు పూస్తాయి. దేశంలో మొగలి అత్తరు చాలావరకు మా గంజాం జిల్లాదే. తెల్లారకముందే కోసుకొచ్చి బట్టీల్లో రాగి డేగిశాల్లో మరిగిస్తారు, ఆలస్యమైతే వాసన పోతుందని పరుగు మీద తెస్తారు. ఆ దారిన పోతుంటే బస్సులో కూడా వాసన తెలుస్తుంది. ఒక్క పువ్వు అడిగి తెచ్చుకుని బీరువాలో చీరల మధ్య పెట్టుకోండి, ముళ్ళు జాగ్రత్త. మా అమ్మ మాత్రం మొగలిపువ్వు ఇంట్లో పెడితే పామొస్తుందని ఇప్పటికీ గుమ్మం దాటనివ్వదు, నేను బ్యాగులో దాచి తెస్తాను.